రెండు భాషలు – ఒక పరిశోధన పత్రం

ఖమ్మం మైదానం ముగిసి భద్రాచలం అడవులు మొదలయ్యే హద్దులో ఇల్లందు పట్టణం ఉన్నది. పాతతరం వారు దీనిని బొగ్గుట్ట అని కూడా పిలిచేవారు. 1871లో భూగర్భ శాస్త్రజ్ఞుడు విలియం కింగ్ ఈ ప్రాంతంలో నేలబొగ్గు నిక్షేపాలను కనుగొన్నాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకపు హక్కులు పొందింది. 1889లో ఇల్లందులో తవ్వకం ఆరంభమైంది. సమీపంలోని సింగరేణి గ్రామం పేరే 1920లో ఏర్పడిన సింగరేణి కాలరీస్ కంపెనీకి వచ్చింది. బొగ్గుపొరలలో ఒకదానికి కింగ్ పేరు నేటికీ నిలిచి ఉన్నది.

బొగ్గు వెంట మనుషులు వచ్చారు, మనుషుల వెంట భాషలు వచ్చాయి. అంతకుముందే ఇక్కడి అడవి పల్లెలలో కోయ భాష ఉన్నది, తండాలలో లంబాడీ ఉన్నది. ఊరిలో తెలుగు, నిజాం ప్రభుత్వ కచేరీలో ఉర్దూ. గనులలో పలు ప్రాంతాల వారు కలసి పనిచేయడం వలన వీటన్నిటి కలగలుపు ఏర్పడింది. ఇంట్లో కోయ మాట్లాడే స్త్రీ సంతకు వచ్చి చింతపండు బేరం తెలుగులో చేస్తుంది. తండాలో పుట్టిన బాలుడు తల్లితో ఒక భాషలో, ఉపాధ్యాయునితో మరొక భాషలో మాట్లాడతాడు. ఒక భాష నుండి మరొక భాషకు మారడానికి వారికి రెప్పపాటు కాలం కూడా పట్టదు. ఇది ఒక విద్య అని ఎవరూ వారికి చెప్పలేదు, వారూ అనుకోలేదు. బడికి వెళ్లనివారిని నిరక్షరాస్యులుగా లెక్కించే జాబితాలో వారి పేర్లు చేరాయి గాని, రెండు మూడు భాషలు తెలిసినవారిగా వారిని లెక్కించిన జాబితా అరుదు.

ఇట్లాంటి మనుషుల మెదడు గురించి హైదరాబాదు నుండి ఒక పరిశోధన పత్రం 2013లో వెలువడింది. ప్రపంచంలోని నాడీశాస్త్రజ్ఞులు, భాషాశాస్త్రజ్ఞులు, మనస్తత్వ శాస్త్రజ్ఞులు దానిని వందలసార్లు తమ రచనలలో ఉల్లేఖించారు. ఆ పత్రం ఏమి చెప్పింది, దానిని అందరూ ఎందుకు ఉల్లేఖించారు, అసలు ఉల్లేఖనాల సంఖ్యను బట్టి ఒక శాస్త్రజ్ఞుని కృషిని కొలవడం ఎంతవరకు సమంజసం అన్నవి ఒకదానితో ఒకటి ముడిపడిన ప్రశ్నలు.

రెండు భాషలు నేర్చిన పిల్లల బుద్ధి మందగిస్తుందన్న నమ్మకం ఇరవయ్యవ శతాబ్ది పూర్వార్ధంలో పాశ్చాత్య దేశాలలో బలంగా ఉండేది. ఒక పాత్రలో రెండు పదార్థాలు పోస్తే రెండూ సగం సగమే పడతాయన్నది వారి తర్కం. 1962లో కెనడాలోని మాంట్రియల్ నగరంలో ఎలిజబెత్ పీల్, వాలెస్ లాంబర్ట్ అనే పరిశోధకులు పదేళ్ల పిల్లలను పరీక్షించారు. ఫ్రెంచి, ఇంగ్లీషు రెండూ వచ్చిన పిల్లలు ఒకే భాష వచ్చిన పిల్లలకంటే బుద్ధి పరీక్షలలో మెరుగుగా నిలిచారు. అప్పటి నుండి ప్రశ్న తలక్రిందులైంది. రెండు భాషలు కీడు చేస్తాయా అన్న ప్రశ్న పోయి, మేలు చేస్తాయా, చేస్తే ఎంతకాలం చేస్తాయి అన్న ప్రశ్న వచ్చింది.

వార్ధక్యంలో వచ్చే మతిమరుపు వ్యాధుల విషయంలో ఈ ప్రశ్నకు ప్రత్యేకమైన ప్రాధాన్యం ఉన్నది. వైద్యులు వీటిని డిమెన్షియా అంటారు. వీటిలో అల్జీమర్స్ వ్యాధి అందరూ ఎరిగినది. తాళంచెవి ఎక్కడ పెట్టామో మరచిపోవడం డిమెన్షియా కాదు. తాళంచెవితో చేయవలసిన పని ఏమిటో తెలియకపోవడం, రోజూ నడిచే వీధిలో దారి తప్పడం, కన్నకొడుకును గుర్తుపట్టలేకపోవడం దీని లక్షణాలు. దీనిని పూర్తిగా నయం చేసే మందు ఇంతవరకు లేదు. అందువలన వ్యాధి లక్షణాలు బయటపడడాన్ని కొన్ని సంవత్సరాలు వాయిదా వేయగలిగినా అది కుటుంబానికి పెద్ద ఊరట.

2007లో కెనడాలోని టొరంటోకు చెందిన ఎలెన్ బియాలిస్టాక్, ఆమె సహచరులు 184 మంది రోగుల వివరాలు పరిశీలించి, ద్విభాషులకు డిమెన్షియా సుమారు నాలుగేళ్లు ఆలస్యంగా వచ్చినట్లు ప్రకటించారు. ఫలితం ఆసక్తికరమే గాని, దానిలో ఒక చిక్కు ఉన్నది. టొరంటోలోని ద్విభాషులలో చాలామంది ఇతర దేశాల నుండి వలస వచ్చినవారు. సప్త సముద్రాలు దాటి బ్రతుకు వెతుక్కున్నవారు ఆరోగ్యంలోనూ పట్టుదలలోనూ సగటు మనిషికంటే బలవంతులై ఉండవచ్చును గదా! అట్లయితే ఆలస్యానికి కారణం భాషలా, వలసా? రెండింటిని విడదీయాలంటే, వలస పోకుండా పుట్టిన గడ్డపైనే ఉంటూ రెండు భాషలు మాట్లాడే ప్రజలు కావాలి. వారిలో చదువుకున్నవారూ చదువుకోనివారూ ఉండాలి. అటువంటి ప్రజలు కెనడాలో వెతికినా దొరకరు. హైదరాబాదులో వెతకనవసరం లేదు.

హైదరాబాదులోని నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థను నిమ్స్ అంటారు. అక్కడ నాడీవైద్య విభాగంలో జ్ఞాపకశక్తి సమస్యలున్న రోగులకోసం ప్రత్యేకమైన క్లినిక్ నడిచింది. ఈ పరిశోధనకు సారథ్యం వహించిన డాక్టర్ సువర్ణ అల్లాడి ఆ కాలంలో అక్కడి నాడీవైద్యురాలు. తరువాత ఆమె బెంగుళూరులోని నిమ్హాన్స్‌లో ఆచార్యపదవిలో చేరారు. అంతకుముందు ఇంగ్లండులోని కేంబ్రిడ్జి పరిశోధకులతో కలసి ఆమె రచించిన పత్రం 2007లో 'బ్రెయిన్' పత్రికలో వెలువడింది. అల్జీమర్స్ వ్యాధి ఎల్లప్పుడూ మతిమరుపుతోనే మొదలు కాదని, ఒక్కొక్కరిలో మాట తడబడడంతోనో చూపు గ్రహింపు చెడడంతోనో మొదలు కావచ్చునని ఆ పత్రం చర్చించింది. ఈ రంగంలో అది కూడా తరచుగా ఉల్లేఖించబడే రచనయే.

2006 జూన్ నుండి 2012 అక్టోబరు వరకు నిమ్స్ క్లినిక్‌కు వచ్చిన డిమెన్షియా రోగులలో 648 మంది వివరాలను ఈ పరిశోధక బృందం పరిశీలించింది. వారిలో 391 మంది ద్విభాషులు. తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు వంటి భాషలలో రెండు గాని అంతకంటే ఎక్కువ గాని నిత్యజీవితంలో వాడేవారిని ద్విభాషులుగా పరిగణించారు. అల్జీమర్స్ రోగులు 240 మంది. రక్తనాళాల దోషం వలన కలిగిన డిమెన్షియా గలవారు 189 మంది. మెదడు ముందుభాగం, కణతల భాగం క్షీణించే రకానికి చెందినవారు 116 మంది. మిగిలిన 103 మందిలో ఇతర రకాలు, మిశ్రమ రకాలు కనిపించాయి. బృందంలో నాడీవైద్యులు మాత్రమే లేరు. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన భాషాశాస్త్రజ్ఞురాలు దుగ్గిరాల వసంత, హైదరాబాదు విశ్వవిద్యాలయానికి చెందిన సూరంపూడి బాపిరాజు, ఎడిన్‌బరో విశ్వవిద్యాలయానికి చెందిన థామస్ బాక్, నిమ్స్ నాడీవైద్యుడు సుభాష్ కౌల్ మొదలైనవారు ఇందులో పాలుపంచుకున్నారు. వైద్యుడు రోగాన్ని గుర్తించగలడు. ఒక మనిషికి నిజంగా రెండు భాషలు వచ్చునా అన్నది తేల్చడానికి భాషాశాస్త్రజ్ఞుని తోడు కావాలి. అంకెలలోని నిజానిజాలు తేల్చడానికి గణన తెలిసినవారు కావాలి.

ఫలితం ఇది. ఒకే భాష తెలిసినవారిలో వ్యాధి లక్షణాలు సగటున 61.1 ఏట మొదలయ్యాయి. ద్విభాషులలో 65.6 ఏట మొదలయ్యాయి. తేడా నాలుగున్నర సంవత్సరాలు. చదువు, స్త్రీపురుష భేదం, వృత్తి, పల్లెవాసమా పట్నవాసమా అన్న అంశాలన్నిటినీ లెక్కలోకి తీసుకున్న తరువాత కూడా భాషల ప్రభావం విడిగా కనిపించింది. వలస అన్న చిక్కు ఇక్కడ లేదు. అన్నిటికంటె విశేషమైనది మరొకటి. అక్షరజ్ఞానం లేని రోగులను మాత్రమే విడిగా చూసినపుడు, వారిలోని ద్విభాషులకు వ్యాధి సుమారు ఆరేళ్లు ఆలస్యంగా వచ్చింది. అంటే మేలు చేసినది పుస్తకం కాదు, నోటిమాట. రెండుకంటె ఎక్కువ భాషలు తెలిసినందువలన అదనపు ప్రయోజనం మాత్రం కనిపించలేదు. బహుభాషా పండితులకు ఇది కొంత నిరుత్సాహం కలిగించే వార్త.

రెండు భాషలు మెదడులో చేసే పని ఏమిటి? ద్విభాషి ఒక భాషలో మాట్లాడుతున్నపుడు రెండవ భాష నిద్రపోదు. అది కూడా మేలుకొనే ఉంటుంది. నోటికి వచ్చే రెండు మాటలలో ఒకదానిని ఆపి, మరొకదానిని వదలడం అతని మెదడు నిరంతరం చేసే పని. ఏకాగ్రతకు, ఎంపికకు సంబంధించిన మెదడు భాగాలకు ఇది నిత్య వ్యాయామమవుతుందని ఒక వాదం. ఈ వ్యాయామం వ్యాధిని ఆపదు. మెదడులో క్షీణత దాని దారిన అది సాగుతూనే ఉంటుంది. కాని గాదెలో గింజలున్న ఇంట్లో కరవు వచ్చిన మొదటి నెలలోనే పొయ్యి ఆరిపోదు గదా! ఆ నిల్వ ఉన్నంతకాలం రోజువారీ పనులు సాగుతాయి, లోపం బయటికి కనిపించదు. శాస్త్రజ్ఞులు దీనినే మేధాపరమైన నిల్వ అని వ్యవహరిస్తారు. చదువు, క్లిష్టమైన వృత్తి, నలుగురితో కలసిమెలసి ఉండడం కూడా ఈ నిల్వను పెంచేవే.

ఈ పత్రం అమెరికన్ నాడీవైద్య అకాడమీ వారి 'న్యూరాలజీ' పత్రికలో అచ్చయింది. అప్పటినుండి దాని రెండవ జీవితం మొదలైంది. శాస్త్రజ్ఞుడు ఒక పత్రం వ్రాసేటపుడు తనకు ముందు ఆ విషయంపై కృషి చేసినవారి రచనలను పేర్కొంటాడు. దీనిని ఉల్లేఖనం అంటారు. పూర్వ పండితులు తమ వ్యాఖ్యానాలలో పూర్వాచార్యుల పేర్లను చెప్పడంవంటిదే ఇది. అయితే ఈ ఉల్లేఖనాలను లెక్కపెట్టవచ్చునన్న ఆలోచన శాస్త్రజ్ఞులది కాదు, గ్రంథసూచికలు తయారుచేసే ఒకరిది. ఆయన పేరు యూజీన్ గార్‌ఫీల్డ్. ఒక పాత తీర్పును తరువాతి తీర్పులలో ఎక్కడెక్కడ ఉదాహరించారో తెలిపే సూచిక అమెరికా న్యాయవాదులకు చాలాకాలంగా ఉండేది. శాస్త్రానికి కూడా అటువంటిది కావాలని గార్‌ఫీల్డ్ 1955లో 'సైన్స్' పత్రికలో ప్రతిపాదించాడు. 1960లో ఫిలడెల్ఫియాలో ఒక సంస్థను స్థాపించి, 1964 నాటికి శాస్త్ర ఉల్లేఖన సూచికను వెలువరించాడు. ఒక పత్రం చదివినవారు దాని తరువాత ఎవరేమన్నారో తెలుసుకోవడమే ఆ సూచిక ప్రయోజనం. ఎవరు గొప్ప, ఎవరు తక్కువ అని తేల్చడం తొలి ఉద్దేశం కాదు.

కాని చేతికి అంకె చిక్కిన తరువాత దానితో పోల్చకుండా ఉండడం మనుషుల స్వభావం కాదు. ముందుగా పత్రికలను కొలిచారు. ఒక పత్రిక గత రెండేళ్లలో 200 పత్రాలు ప్రచురించి, వాటికి ఈ ఏడాది 1000 ఉల్లేఖనాలు వస్తే దాని ప్రభావ సూచి 5. గ్రంథాలయాలు ఏ పత్రికలు తెప్పించుకోవాలో నిర్ణయించడానికి ఇది బాగానే ఉపకరించింది. తరువాత అదే అంకెతో ఆ పత్రికలో వ్రాసిన వ్యక్తిని కొలవడం మొదలుపెట్టారు. తరగతి సగటు మార్కులు చూసి ఒక విద్యార్థి మార్కులు చెప్పడంవంటిది ఇది. ఒక పత్రికకు వచ్చే ఉల్లేఖనాలలో అధికభాగం కొద్దిపాటి పత్రాలకే వస్తుంది. మిగిలినవి వాటి నీడలో నిలుస్తాయి.

2005లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన భౌతికశాస్త్రజ్ఞుడు జార్జ్ హిర్ష్ వ్యక్తులకోసం మరొక కొలత ప్రతిపాదించాడు. దానిని హెచ్ సూచిక అంటారు. లెక్క కష్టమైనది కాదు. ఒక పరిశోధకురాలు ఎనిమిది పత్రాలు వ్రాసినదనుకోవాలి. వాటికి వచ్చిన ఉల్లేఖనాలు వరుసగా 300, 42, 17, 9, 6, 5, 2, 0. అయిదవ పత్రానికి అయిదు లేదా అంతకంటె ఎక్కువ ఉల్లేఖనాలు ఉన్నాయి. ఆరవ పత్రానికి ఆరు లేవు. కాబట్టి ఆమె హెచ్ సూచిక 5. ఒకే ఒక్క పత్రంతో పేరు పొందినవారిని, ఎవరూ చదవని పత్రాలు కుప్పలుగా వ్రాసినవారిని ఇది వేరుచేస్తుందని హిర్ష్ ఉద్దేశం. ఆ పని ఇది చేస్తుంది. కాని మొదటి పత్రానికి 300కు బదులు 900 ఉల్లేఖనాలు వచ్చినా సూచిక 5గానే ఉంటుంది. ప్రపంచపు ఆలోచనను మార్చిన పత్రానికి, ఎవరో ఏడుగురు ప్రస్తావించిన పత్రానికి ఈ లెక్కలో విలువ ఒకటే. వయస్సుతో ఇది పెరుగుతుందే గాని తగ్గదు. పరిశోధన మానుకున్నవారికి, మరణించినవారికి కూడా పెరుగుతూనే ఉంటుంది.

ఉల్లేఖనాల సంఖ్య దేనిని కొలుస్తుందో తెలుసుకోవడానికి తెలుగువారికి ఇంటిలోనే ఒక ఉదాహరణ ఉన్నది. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలసి 1925లో ఒక పత్రం ప్రకటించాడు. రక్తంలోను మూత్రంలోను భాస్వరం ఎంత ఉన్నదో రంగును బట్టి కొలిచే పద్ధతి అది. గత శతాబ్దంలో అత్యధికంగా ఉల్లేఖించబడిన పత్రాలలో అది ఒకటి. దానికి రెండేళ్ల తరువాత వారు కండరాల శక్తికి మూలమైన ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని వెల్లడించారు. జీవరసాయన శాస్త్రంలో ఆ ఆవిష్కరణ గొప్పది. కాని ప్రతి ప్రయోగశాలలో ప్రతిరోజూ వాడే పద్ధతికి వచ్చినన్ని ఉల్లేఖనాలు ఆవిష్కరణలకు రావు. 1951లో ఆలివర్ లౌరీ బృందం ప్రకటించిన మాంసకృత్తులను కొలిచే పద్ధతికి మూడు లక్షలకు పైగా ఉల్లేఖనాలు వచ్చాయి. ప్రపంచంలో దానిని మించినది లేదు. అది సాపేక్ష సిద్ధాంతంకంటె గొప్పదని ఎవరూ అనరు. సాపేక్ష సిద్ధాంతాన్ని వాడేవారు ఇప్పుడు ఐన్‌స్టీన్ పత్రాన్ని పేర్కొననే పేర్కొనరు. అందరికీ తెలిసిన సంగతికి సాక్ష్యం అడిగేదెవరు?

నిమ్స్ పత్రానికి వచ్చిన ఉల్లేఖనాల వెనుక మరొక కారణం కూడా ఉన్నది. దానిని ఒప్పుకున్నవారు పేర్కొన్నారు, ఒప్పుకోనివారూ పేర్కొన్నారు. ఉల్లేఖనాల పట్టికలో పొగడ్తకూ ఖండనకూ ఒకే గడి ఉంటుంది.

ఖండనలలో గట్టివి రెండు. మొదటిది ప్రచురణకు సంబంధించినది. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయానికి చెందిన ఏంజెలా డి బ్రయిన్, ఆమె సహచరులు 2015లో ఒక సంగతిని బయటపెట్టారు. ద్విభాషలపై సదస్సులలో చదివిన పరిశోధనలలో, మేలు ఉందన్నవి ఎక్కువగా అచ్చయ్యాయి. మేలు లేదన్నవి తక్కువగా అచ్చయ్యాయి. నిమ్స్ పత్రంలో భాగస్వామి అయిన థామస్ బాక్ కూడా ఆ విశ్వవిద్యాలయం వాడే కావడం గమనార్హం. ఒకే ప్రాంగణంలో పక్కపక్కన కూర్చొని విభేదించడం శాస్త్రానికి ఆరోగ్యకరమైన లక్షణమే. రెండవ ఖండన పద్ధతికి సంబంధించినది. లండనులోని యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు నహీద్ ముకాదం మొదలైనవారు 2017లో అనేక అధ్యయనాలను కలిపి పరిశీలించారు. రోగులు వచ్చిన తరువాత వారి గతాన్ని విచారించిన అధ్యయనాలలో ఆలస్యం కనిపించింది. కాని ఆరోగ్యవంతులను ముందుగా ఎంపిక చేసి, వారిలో ఎవరికి వ్యాధి వస్తుందో ఏళ్ల తరబడి కనిపెట్టి చూసిన అధ్యయనాలలో, ద్విభాషులకు ముప్పు తగ్గినట్లు తేలలేదు.

ఈ భేదాన్ని ఇల్లందు నుండి చూస్తే సులభంగా బోధపడుతుంది. క్లినిక్‌కు వచ్చినవారిని మాత్రమే లెక్కించినపుడు, రానివారి సంగతి తెలియదు. అడవి పల్లెలో ఒకే భాష మాట్లాడే వృద్ధురాలికి మతి చలిస్తే, 'పెద్దవయసు, అంతే' అని ఇంటివారు ఊరుకోవచ్చు. హైదరాబాదు రెండు వందల కిలోమీటర్లకు పైబడిన దూరం. బస్సు ఖర్చు, తోడు వచ్చే మనిషి కూలి, అక్కడ బస అన్నీ ఆలోచించవలసినవే. ఎవరు ఏ దశలో వైద్యుని చేరుతారన్నది వ్యాధిని బట్టి మాత్రమే కాదు, దారిని బట్టి కూడా ఉంటుంది. లక్షణాలు ఎప్పుడు మొదలయ్యాయని అడిగితే కుటుంబసభ్యులు చెప్పే జవాబు కూడా జ్ఞాపకం మీద ఆధారపడినదే. దసరా ముందా, సంక్రాంతి తరువాతనా అని వారు తడుముకుంటారు. మరోవైపు, ఖండించినవారి తీర్పు కూడా తుదిమాట కాదు. వ్యాధి రాకుండా పోవడం వేరు, ఆలస్యంగా రావడం వేరు. నిమ్స్ బృందం చెప్పినది రెండవది. ముందుకు సాగే అధ్యయనాలలో అధికభాగం పరిశీలించినది మొదటిదానిని.

లక్షణాలు మొదలైన తేదీ స్పష్టంగా తెలిసే వ్యాధిని తీసుకుంటే ఈ చిక్కులో కొంతభాగం తొలగిపోతుంది. పక్షవాతం అటువంటిది. అది వచ్చిన రోజు ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది. డాక్టర్ సువర్ణ బృందం నిమ్స్‌లో పక్షవాతానికి గురైన 608 మంది రోగుల వివరాలను పరిశీలించి 2016లో 'స్ట్రోక్' పత్రికలో ప్రకటించింది. పక్షవాతం తరువాత బుద్ధిశక్తి చెక్కుచెదరకుండా నిలిచినవారు ద్విభాషులలో నూటికి 40.5 మంది, ఏకభాషులలో 19.6 మంది. అయితే మాట పడిపోవడం విషయంలో రెండు వర్గాలకూ తేడా కనిపించలేదు. రెండు భాషలు మాటను కాపాడలేదు, ఆలోచనను కాపాడాయి. ఎంపిక, నియంత్రణ అన్న వాదానికి ఇది అనుకూలమైన సాక్ష్యం. వాదం ఇంకా ముగియలేదు. ఉల్లేఖనాలు ఇంకా పెరుగుతూనే ఉన్నాయి.

నిమ్స్ పత్రం వెలువడిన 2013లోనే మరొక ప్రకటన కూడా ప్రపంచానికి అందింది. అంతకు ముందు సంవత్సరం డిసెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో సమావేశమైన కొందరు సంపాదకులు, శాస్త్రజ్ఞులు దానిని రూపొందించారు. నియామకాలలో, పదోన్నతులలో, నిధుల పంపకంలో పత్రిక ప్రభావ సూచిని వ్యక్తి యోగ్యతకు కొలబద్దగా వాడరాదని, పత్రంలోని విషయాన్నే చూడాలని అది కోరింది. కోరిక న్యాయమైనది. అమలు కష్టమైనది. వంద దరఖాస్తులు ముందున్న అధికారికి వంద పత్రాలు చదవడంకంటె వంద అంకెలు చూడడం తేలిక.

ఆ తేలికదనానికి మూల్యం చెల్లించేది ఎవరు? ఇంగ్లీషు పిల్లల భాష మీద వ్రాసిన పత్రాన్ని ఉల్లేఖించడానికి వేలమంది ఉన్నారు. కోయ భాషలో పదనిర్మాణం గురించి ఎంత చక్కగా వ్రాసినా దానిని ఉల్లేఖించగలవారిని వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. ఆ రంగంలో పనిచేసేవారే కొందరు. కోయ భాష తెలుగుకు, గోండికి దగ్గరి చుట్టం. దానిని అధ్యయనం చేసిన యువకుని హెచ్ సూచికకు, నాడీవైద్యుని హెచ్ సూచికకు పోలిక లేదు. అంకెను మాత్రమే చూసే చోట ఆ యువకుడు విషయం మార్చుకుంటాడు. ఇతర ప్రపంచానికి దానివలన కలిగే నష్టం కనిపించదు. కనిపించేది ఆస్పత్రి గదిలో, వైద్యుడు రోగిని మొదటి ప్రశ్న అడిగినపుడు.

జ్ఞాపకశక్తిని పరీక్షించే పద్ధతి సామాన్యంగా ఇట్లా ఉంటుంది. కొన్ని మాటలు చెప్పి, కాసేపటి తరువాత వాటిని తిరిగి చెప్పమంటారు. బొమ్మలు చూపి పేర్లు అడుగుతారు. ఒక అక్షరంతో మొదలయ్యే మాటలు చెప్పమంటారు. వాక్యం వ్రాయమంటారు. ఈ పరీక్షలు పాశ్చాత్య దేశాలలో చదువుకున్నవారిని దృష్టిలో ఉంచుకొని పుట్టాయి. అక్షరాలే తెలియని వ్యక్తిని 'ప'తో మొదలయ్యే మాటలు చెప్పమంటే ఏమి చెప్పగలడు? ఇంగ్లండులో అందరూ గుర్తుపట్టే జంతువు బొమ్మ ఇక్కడివారికి వింతగా కనిపించవచ్చు. మార్కులు తక్కువ వస్తే అది వ్యాధి వలననా, పరీక్ష వలననా? పరీక్షను అనువదిస్తే సరిపోదు. ఆ భాషలో ఏ మాట సులభం, ఏది కష్టం, ఆరోగ్యవంతులైన వృద్ధులకు సగటున ఎన్ని మార్కులు వస్తాయి అన్నది మొదటినుండి నిర్ణయించాలి. ఇది పేరు తెచ్చే పని కాదు. ఓపిక కావలసిన పని.

భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో ఆ పని జరిగింది. డాక్టర్ సువర్ణతో పాటు దేశంలోని పలు నగరాల వైద్యులు, మనస్తత్వ శాస్త్రజ్ఞులు కలసి, హిందీ, బెంగాలీ, తెలుగు, కన్నడం, మలయాళం అనే అయిదు భాషలలో మేధాశక్తి పరీక్షల సంపుటిని సిద్ధం చేశారు. దాని రూపకల్పనను వివరించే పత్రం 2020లో వెలువడింది. అక్షరాస్యులను, నిరక్షరాస్యులను కూడా దృష్టిలో ఉంచుకోవడం దాని ప్రత్యేకత. సుబ్బారావు భాస్వరం పద్ధతివలె ఇది కూడా ఇతరుల చేతిలో పనిముట్టుగా మారే రకపు కృషి.

ఇల్లందులో తెలుగు మాట్లాడే వృద్ధుడు వైద్యుని చేరితే, అతని భాషలో, అతని చదువుకు తగిన పరీక్ష ఇప్పుడు ఉన్నది. కోయ, లంబాడీ భాషలు ఆ అయిదింటిలో లేవు. ఆ వృద్ధుని పక్కనే వరుసలో కూర్చున్న కోయ స్త్రీ తనకు రెండవ భాష అయిన తెలుగులోనే ఆ మాటలు విని, తెలుగులోనే తిరిగి చెప్పాలి. వయసు మళ్లిన ద్విభాషులలో ఆలస్యంగా నేర్చిన భాష ముందుగా జారిపోవచ్చు. ఆమె ఇంటిలో మనుమరాలితో కోయలో చక్కగా కథ చెప్పగలిగి ఉండి, ఇక్కడ మూడు తెలుగు మాటలు గుర్తు తెచ్చుకోలేక తడబడితే, ఆ గదిలో ఉన్నవారిలో ఎవరో ఒకరు ఇంట్లో ఏ భాష మాట్లాడతావమ్మా అని అడగాలి.